ఒకే నంబరు, రెండు జతలు

మా అత్తగారి చిన్నమ్మాయికి పెళ్ళి కుదిరిందనగానే నాకు పెళ్ళికూతురు గుర్తుకు రాలేదు. చర్చి గుమ్మం నుంచి పాస్టరు అయ్యగారి ముందు దాకా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఎవరు నడిపిస్తారన్నదే గుర్తొచ్చింది. మామగారు పోయి రెండేళ్ళయింది. కొడుకులు లేరు. ఉన్నది ఇద్దరు అల్లుళ్ళం, అందులో పెద్దవాణ్ణి నేను. ఇక అడిగేదేముంది అనుకున్నాను.

ఎవరూ నన్ను అడగనూ లేదు. రెండో అల్లుడు నడిపిస్తాడని అత్తగారు తేల్చేశారు. అది కూడా నాతో కాదు, మా ఆవిడతో. పెద్దబాబు బూట్లు వేసుకుని నడిస్తే నాటుపడవలా ఊగుతాడు, ఫోటోల్లో బాగుండదు అన్నారట. మా ఆవిడ ఈ ముక్కని అన్నం వడ్డిస్తూ, చారు పొయ్యమంటారా అన్నంత మామూలుగా చెప్పింది.

అందులో అబద్ధం లేదు, అదే నా మంట. పోర్ట్ బ్లెయిర్ హాడో రేవులో నాన్న మూటలు దించుతుంటే, మీసాలొచ్చేదాకా అక్కడి సిమెంటు నేల మీద చెప్పుల్లేకుండా తిరిగినవాణ్ణి. నా పాదాలు అడ్డంగా పెరిగాయి. ఎనిమిదో నంబరు బూటు పొడుగు సరిపోతుంది గానీ చిటికెన వేలి దగ్గర పట్టకారు పెట్టి నొక్కినట్టుంటుంది. అందుకని ఎప్పుడూ పదో నంబరు కొని, ముందర దూది కుక్కేవాణ్ణి. వేళ్ళు బతికిపోయేవి గానీ మడమ నిలిచేది కాదు. నా పెళ్ళిలోనే, చర్చి మెట్లు దిగుతుంటే ఎడమ బూటు ఊడి నాకంటే మూడు మెట్లు ముందు దిగింది. ఆ రోజు నవ్వినవాళ్ళలో అత్తగారూ ఉన్నారు.

మా తోడల్లుడు కార్ నికోబార్ దీవిలో టీచరు. ఏ చొక్కా వేసినా అతని కోసమే కుట్టినట్టుంటుంది. పాట బాగా పాడతాడు. ప్రార్థన చేస్తే ముసలమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. నన్ను చూస్తే లేచి నిలబడతాడు, అది చూస్తే ఇంకా ఒళ్ళు మండేది. కాస్త పొగరున్నా తిట్టుకోడానికి వీలుగా ఉండేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. మా తోడల్లుడు నవ్వనైనా నవ్వలేదు. నాకు ఏడవడానికి ఆ సాకు కూడా మిగల్చలేదు.

పెళ్ళి ఇంకా నెల ఉందనగా అతనే ఫోన్ చేశాడు. సెలవు దొరికింది గానీ, అతనెక్కే షిప్ పెళ్ళికి ముందు రోజు సాయంత్రానికి గాని పోర్ట్ బ్లెయిర్ చేరదట. తానుండే చోట మంచి బూట్లు దొరకవని, అబర్డీన్ బజార్‌లో ఒక జత చూసిపెట్టమని నన్ను అడిగాడు. ఫోటో పంపితే కొలత తెలియదని, కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీయించి, షిప్‌లో వచ్చేవాళ్ళ చేత కవరు పంపాడు. సాయంత్రానికి కాళ్ళు కాస్త ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూటే గీయించానని కింద రాశాడు. టీచరు కదా, అన్నిటికీ పద్ధతే.

దుకాణదారు ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి స్కేలు పెట్టాడు. పొడుగు చూసి ఎనిమిది అన్నాడు. తర్వాత వేళ్ళ మొదళ్ళ దగ్గర అడ్డంగా కొలిచి తల ఊపాడు.

“నంబరంటే పొడుగే భయ్యా, చౌడా అంటే వెడల్పు, అది వేరే. ఈ పాదం బాగా చౌడా. అందరూ ఇక్కడే గల్తీ చేస్తారు, ఇరుకైతే నంబరు పెంచేస్తారు. పెంచితే పక్కల వదులౌతాది గానీ మడమ జారిపోతాది.”

నలభై దాటాక నాకు ఈ మాట చెప్పేవాడు దొరికాడు. కాగితం వంక మళ్ళీ చూశాను. దేనికది విడిపోయిన వేళ్ళు, చిటికెన వేలి దగ్గర బయటికి పొడుచుకొచ్చిన ఎముక. అచ్చం నా పాదమే. అతనూ చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగినవాడేనన్నమాట. మరి ఈ కాళ్ళతో ఆ నడక ఎలా నడుస్తున్నాడు? ఎవరికైనా అక్కడ జాలి పుడుతుంది. నాకు కుళ్ళు రెండింతలైంది.

దుకాణదారు రెండు డబ్బాలు తెచ్చాడు. రెండింట్లోనూ ఒకే రకం నల్లటి లేసుల బూట్లు, రెండూ ఎనిమిదే. ఒకటి మామూలు జత, ఒకటి వెడల్పు జత. వెడల్పువి ఎప్పుడో గాని రావని, ఇదొక్కటే మిగిలిందని అన్నాడు. ఊరికే చూద్దామని నా కాళ్ళు అందులో పెట్టాను. వేళ్ళు పరుచుకున్నాయి. మడమ కుదురుగా కూర్చుంది. లేసులు కట్టి దుకాణంలో నాలుగడుగులు వేశాను. టపటప లేదు, ఊగడం లేదు. ఎదుటి నిలువుటద్దంలో ఎవరో పెద్దమనిషి నా చొక్కా వేసుకుని నడిచొస్తున్నాడు.

ఇవి నాకని, మామూలువి మా తోడల్లుడికని చెప్పాను. దుకాణదారు కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నొక్కుతాయి భయ్యా అన్నాడు. ఆయనకి అలవాటేలే అని డబ్బాలు రెండూ చంకన పెట్టుకున్నాను.

సముద్రం బాగాలేక షిప్ ఆలస్యమైంది. అతను దిగేసరికి దుకాణాలు కట్టేశారు. తెల్లవారి బతు బస్తీలో అత్తగారింట్లో అందరం తయారవుతుంటే, బూట్లు తొడుక్కుంటున్న మా తోడల్లుడు ఒక్క క్షణం ఆగాడు. కొంచెం బిగువుగా ఉన్నాయి అన్నయ్యా అన్నాడు.

“కొత్తవి కదా, నడిస్తే సాగుతాయి,” అన్నాను.

సాగవని నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఇంట్లో లేడు.

చర్చిలో అందరూ పెళ్ళికూతుర్ని చూశారు. నేను అతని కాళ్ళనే చూశాను. కుంటాలి, ఒక్క అడుగైనా తడబడాలి అని దేవుడి సన్నిధిలో కూర్చుని కోరుకున్నాను. కుంటలేదు. పాటకి తగ్గట్టు అడుగు వేస్తూ, మరదల్ని నిండుగా నడిపించుకొచ్చాడు. నుదుటి మీద చెమట మాత్రం ధారగా కారింది. అది దుఃఖమనుకుని అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. నా వేళ్ళు వెడల్పు బూట్లలో హాయిగా ఉన్నాయి. ఆ హాయిని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

విందయ్యాక ఇంటికి చేరి, బూట్లన్నీ గుమ్మం బయట విప్పేశాం. సాయంత్రం కొత్తజంటని కారెక్కించడానికి అందరూ లేచారు. హడావిడిగా బయటికొచ్చిన మా తోడల్లుడు ఎదురుగా కనబడిన నల్లబూట్లలో కాళ్ళు దూర్చాడు. అవి నావి. నేను అతని వెనకే ఉన్నాను.

దూర్చినవాడు కదల్లేదు. లోపల వేళ్ళు మెల్లగా ఆడించుకున్నాడు, పైన తోలు కదలడం నాకు కనబడింది. పక్కనున్న జతని చూశాడు. తర్వాత తలతిప్పి నన్ను చూశాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు బయటికొస్తూ, షూస్ బాగున్నాయి బాబూ, ఎక్కడివి అని అతన్ని అడిగారు.

“అన్నయ్యగారు తెచ్చారు అత్తయ్యా. కాగితం పంపితే కొలత చూసి మరీ తెచ్చారు.”

ఆ మాట అంటూనే నా బూట్లు విప్పి, నాకు అనువుగా తిప్పి పెట్టాడు. అప్పుడు కనబడింది, మేజోడు చిటికెన వేలి దగ్గర రక్తంతో అట్టకట్టుకుపోయి ఉంది. తన బూట్లు తొడుక్కుని, లేసులు బిగించి, కుంటకుండా కారు దాకా నడిచాడు. నలుగురిలో నిలదీసి ఉంటే ఎంత బాగుండేది. అలా నోరు మూసుకోవడం నా వల్ల ఎప్పటికీ కాదు. దానికీ నాకు అసూయే.

పెద్దబాబుకి ఎంత శ్రద్ధో అని అత్తగారు నా భుజం తట్టారు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. తలొంచుకుని బూట్లలో కాళ్ళు పెట్టాను. అతని కాళ్ళ వెచ్చదనం ఇంకా లోపలే ఉంది.