టీచరమ్మ దాచిన పేకముక్కలు

టైపు టీచరమ్మకు మౌస్ అంటే చిన్నచూపు. "వేలుపెట్టి చూపించి అది కావాలి, ఇది కావాలి అనడం పసిపిల్లల పని. నోరున్నవాళ్లు మాటతో అడుగుతారు" అంటుంది. ఇన్‌స్టిట్యూట్ మూతపడి, టైపు మిషన్లు పాత ఇనుములో కలిశాక, ఆమె ఇంట్లోని కంప్యూటర్ ముందుకు చేరింది. తెర మీది రంగు బొమ్మల జోలికి పోదు. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని, అందులో తెల్లక్షరాలతో ఆజ్ఞలు జారీ చేస్తుంది. 'డిర్' అంటే అది ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది. 'సీడీ' అంటే చెప్పిన ఫోల్డరులోకి నడుస్తుంది. ఈ ఇంట్లో చెప్పిన పని చెప్పగానే చేసి, ఎందుకని అడగనిది ఆ నల్ల కిటికీ ఒక్కటేనని ఆమెకు దానిమీద మహా గురి.

ఆ మాట భర్తకు వినిపించేలాగే అంటుంది. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బతుకంతా ఊరి బస్సులన్నిటినీ వేళకు తోలించి, ఇప్పుడు తన వేళంతా కంప్యూటర్లో పేకాటకు ధారపోస్తున్నాడు.

టీచరమ్మేమో నాటకం రాస్తోంది. వీధిలోని ఆడవాళ్లంతా కలిసి లైబ్రరీ హాల్లో వేయబోయే నాటకం. పొద్దస్తమానం పేకాడే ఒక మొగుడి కథ. ఎవరి గురించని అడిగితే "అంతా కల్పితం" అంటుంది. సాయంత్రం అందరూ దాన్ని చదువుకోవడానికి వస్తున్నారు. చివరి రంగం ఇంకా రాయనేలేదు.

"ఏవండీ, కాస్త లేస్తే నా పని చూసుకుంటాను."

"ఈ ఆట అయిపోనీ."

"పొద్దున్నా ఇదే మాట అన్నారు."

"పొద్దుట్నుంచీ ఇదే ఆట మరి!"

ఆయన స్నానానికి లేచిన అదను చూసి టీచరమ్మ కుర్చీ ఆక్రమించింది. నల్ల కిటికీలో ఒక కిటుకుంది. 'ఆట్రిబ్' అని కొట్టి, ప్లస్ పక్కన హెచ్ పెడితే ఫైళ్లు కంటికి కనపడకుండా దాక్కుంటాయి. మైనస్ పెడితే బయటికొస్తాయి. పేకాట ఫోల్డరులోకి పొమ్మని ఒక ఆజ్ఞ, అక్కడ మూలమూలలా ఉన్నవాటిని దాచెయ్యమని ఇంకో ఆజ్ఞ, టకటకా కొట్టేసింది. వేళ్ల వంకగాని, కొట్టిన అక్షరాల వంకగాని చూసిన శిష్యులను స్కేలుతో సత్కరించిన చెయ్యి అది. ఆమె కూడా తెర చూడలేదు. చూపంతా స్నానాలగది తలుపు మీదే. చెంబు చప్పుడు ఆగగానే కిటికీ మూసి, వంటింట్లోకి జారుకుంది.

కాసేపటికి ముందుగదిలోంచి కేక. "ఏమోయ్! పేకాట మాయమైంది!"

"అయ్యో పాపం" అంది టీచరమ్మ, నవ్వు కొంగులో దాచుకుని.

"ఫోటోలు కూడా లేవు!"

నవ్వు సగమైంది.

"నీ నాటకం కూడా లేదోయ్!"

పరుగున వచ్చి చూసింది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. లోపల చూస్తే ఖాళీ. ఎక్కడో గురి తప్పింది. ఆయన ఒక్క క్షణం లేస్తే మైనస్ కొట్టి సర్దెయ్యొచ్చు. కానీ ఆయన లేవలేదు సరికదా, కూర్చున్నచోటనుంచే మెకానిక్కుకు ఫోన్ చేశాడు.

మెకానిక్ పక్కవీధిలోనే ఉంటాడు. బట్టతల వచ్చినా టీచరమ్మ ముందు చేతులు కట్టుకునే పాత శిష్యుడు. పైగా అతని భార్యే నాటకంలో అత్తగారు. ఇక్కడ తుమ్మితే అక్కడ వినపడుతుంది.

"వైరస్సేనండీ" అని తేల్చాడతను. "శుభ్రంగా కడిగేసి అన్నీ కొత్తగా ఎక్కిస్తాను."

"కడిగితే?" అంది టీచరమ్మ.

"ఉన్నవన్నీ పోతాయి. ఎలాగూ ఏమీ లేవు కదమ్మా!"

"కానివ్వు బాబూ" అన్నాడు టైమ్‌కీపర్.

నాటకానికి ఇంకో ప్రతి లేదు. "ముందు కాఫీ తాగు నాయనా" అంది. "తాగే వచ్చానమ్మా." "ఏవండీ, బయట ఎవరో పిలుస్తున్నట్టుంది." "నాకు వినపడలేదే!" మెకానిక్ వేలు మీట మీదికి దిగుతోంది. పరువా, నాటకమా?

"చెయ్యి తియ్!"

పాత ఇన్‌స్టిట్యూట్ గొంతు. మెకానిక్ చెయ్యి దానంతటదే ఒళ్లోకి వచ్చిపడింది.

"వైరస్సూ కాదు, నా మొహమూ కాదు. నేనే దాచాను. పేకాట ఒక్కదాన్నే దాచబోయాను."

కుర్చీ లాక్కుని మైనస్ కొట్టింది. అన్నీ బిలబిలా తిరిగొచ్చాయి. అసలు గురి ఎందుకు తప్పిందో చూద్దామని పేకాట కోసం వెతికింది. అది ఉండాల్సిన చోట లేదు. అందుకే మొదటి ఆజ్ఞకు యంత్రం 'అలాంటి ఫోల్డరు లేదు' అని చెప్పి, గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె చూడలేదు. రెండో ఆజ్ఞకు గుమ్మంలోంచే ఇల్లంతా దాచేసింది.

"మందుల చీటీల ఫోల్డర్లో పేకముక్కలేంటండీ? డాక్టరుగారు రాసిచ్చారా?"

టైమ్‌కీపర్ ఫ్యాను వంక చూశాడు. "నీ కంట పడకుండా మొన్న అటు మార్చాను."

యంత్రానికి పక్షపాతం లేదు. ఎవరు దాచినవైనా, ఆజ్ఞతో దాచినా మౌస్‌తో దాచినా, అన్నిటినీ బయటికి ఈడ్చింది. నాటకం ఫోల్డరులో టీచరమ్మ ఎరగని ఫైలొకటి తేలింది.

"అది తెరవకు" అన్నాడాయన.

"తెరవండి టీచరమ్మా, తెరవండి!" అన్నాడు మెకానిక్.

తెరిచింది. అది చివరి రంగం! పేకాడే మొగుడు లేచి నిలబడి పెళ్లాంతో అంటున్నాడు: 'ఓడిపోతే ఈ యంత్రం ఒక్కసారే చెబుతుంది. నువ్వు వారమంతా చెబుతావు. ఎవరితో ఆడమంటావో నువ్వే చెప్పు.'

మెకానిక్ పగలబడి నవ్వాడు. టీచరమ్మ పెదవి బిగబట్టింది. తను రాసిన రంగాలన్నిటికంటే ఇదే బాగుంది. అదీ ఆమె కడుపుమంట.

"నాటకమంతా దొంగచాటుగా చదివారన్నమాట! ఎప్పుడు రాశారిది?"

"ఒంటివేలితో, రోజూ కాస్త. నువ్వొస్తుంటే పేకముక్కలు ముందుకు తెచ్చేవాణ్ని."

"అయితే పేకాడలేదా?"

"అబద్ధమెందుకు, అదీ ఆడాను."

"ఎన్ని అచ్చుతప్పులో!" అని ఒక్కొక్కటే దిద్దింది. తరవాత 'కాపీ' అని కొట్టి, తన ఫైలు, మధ్యలో ప్లస్, ఆయన ఫైలు పెట్టింది. ఈసారి తెర వంక చూస్తూ కొట్టింది. రెండూ ఒకటయ్యాయి.

మెకానిక్ సంచీ సర్దుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"ఇంటికెళ్లాక మా ఆవిడ ఏమైందని అడుగుతుంది టీచరమ్మా. ఏం చెప్పమంటారు?"

"వైరసనే చెప్పు."

"ఎక్కణ్నుంచి వచ్చిందంటే?"

టీచరమ్మ భర్త వైపు, భర్త టీచరమ్మ వైపు, ఇద్దరూ ఒక్కసారే వేలుపెట్టి చూపించారు.