పువ్వు దగ్గరికి పోయిన రంగు

పట్టుచీరల మీద కవిత్వం చెప్పేవాళ్లెవరూ సోడా నీళ్లలో ఉడికే పట్టు వాసన పీల్చి ఉండరు. సెలవులకు ధర్మవరం వచ్చి మా వీధి మలుపు తిరగగానే ఆ వాసన గుప్పుమంది. నాతో వచ్చిన స్నేహితుడు ముక్కు మూసుకున్నాడు. నేను వెర్రివాడిలా నవ్వుతూ నిలబడ్డాను. ఖాసిం మామ గుర్తొచ్చాడు.

ఆయన మా పక్కింటి అద్దకపు మనిషి. మా నాయన నేసే చీరలన్నిటికీ పట్టుకు రంగు వేసేది ఆయనే. మోచేతుల దాకా రంగులే. అన్నం తినేటప్పుడు ఏ వేలు ఏ కూరలో ముంచాడో తెలిసేది కాదు. ఏ రంగు అడిగినా "రాదు" అని ఎరగడు. ఆ గుణమే మా కొంప మీదికి తెచ్చింది.

అక్కకు పెళ్లి కుదిరింది. పెనుకొండలో చుట్టాలింటికి వెళ్లినప్పుడు, కొండ మీద రాళ్ల సందున జానెడు మొక్కకు పూసిన నీలం పువ్వు చూసి వచ్చింది. గోరంత గంట, అయిదు రేకులు. "నా పెళ్లిచీర ఆ రంగే కావాల" అంది. "పెళ్లికి నీలమేంది?" అన్నాడు నాయన. రెండు రోజులు ఇల్లంతా అలక. మూడో రోజు మామ గోడ మీదుగా తల పెట్టి "నేనేస్తాలే పాపా" అన్నాడు. నాయన తేల్చేశాడు: "అమాస లోపల రంగు రాకుంటే ఎరుపే నేస్తా."

చుట్టాలు పువ్వును తడిగుడ్డలో చుట్టి రైల్లో పంపారు. విప్పితే వాడిపోయి ఉల్లిపొట్టులా ఉంది. మళ్లీ పంపారు. మళ్లీ ఉల్లిపొట్టే.

"మామా, ఉల్లిపొట్టు రంగు చీరయితే ఇప్పుడే వేసేయొచ్చు" అన్నాను.

"నవ్వుకో అల్లుడా. అది మన దగ్గరికి రాదు. మనమే ఆడికి పోదాం."

ఎనిమిది పట్టు చిలపలకు, అంటే దారపు కట్టలకు, ఎనిమిది నీలాలు అద్ది, మూట కట్టి, నన్ను లాక్కుని రైలెక్కాడు. పెనుకొండ కోట రాళ్ల మధ్య ఇద్దరం బోర్లా పడుకుని ఆ మొక్క పక్కన ఒక్కో చిలపా పెట్టి చూస్తుంటే, మేకలు మేపుకునే అవ్వ ఆగింది.

"ఏమప్పా, నిధి దొరికెనా?"

"లేదవ్వా, పువ్వు రంగు చూస్తాండాం" అన్నాడు మామ.

"పొద్దున్నే యాడ తాగినారబ్బా?"

ఎనిమిదింటిలో ఒక్కటీ కుదరలేదు. అమావాస్య ఎల్లుండే. మామ రాతి మీద కూలబడి "రాలేదురా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నా దగ్గర హాస్యం నిండుకోవడమూ అదే మొదలు.

అప్పుడు గాలి వీచింది. పువ్వు ఊగింది. ఇటు వంగితే ముదురు నీలం, అటు వంగితే ఎండలో ఊదా పారిన లేత నీలం. మామ లేచి కూర్చున్నాడు. రెండు చిలపలు తీసి మెలిపెట్టాడు. "ఇది ఒక రంగు కాదు అల్లుడా, రెండు! పడుగు ముదురు, పేక లేత!"

మెలిపెట్టిన పట్టును పువ్వు పక్కన పెట్టాడో లేదో, అవ్వ మేక ఒకటి వచ్చి, పువ్వును వదిలేసి పట్టును కొరికింది.

"మేక ఒప్పుకున్యాది!" అని మామ ఆ కొండ మీద గంతులు వేశాడు. అవ్వకు తన అనుమానం నిజమేనని రూఢి అయింది.

నాయన గొణుగుతూనే నేశాడు. పెళ్లిలో అక్క అడుగు వేసినప్పుడల్లా చీర రంగు మారింది. నాయన కళ్లు తుడుచుకుని, హోమం పొగ అన్నాడు. హోమం ఇంకా వెలిగించలేదు.

ఇప్పుడు నేను హిందూపురంలో సైన్సు చెబుతున్నాను. ఆ మొక్కది గంటపూల కుటుంబమట. కుటుంబం ఉంది గానీ మా వైపు ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఇంట్లో నా పరిస్థితీ అదే. పిల్లలు ఏదైనా మొక్క తెంపుకొచ్చి ఏమిటని అడిగితే, ఎక్కడ తెంపారని అడిగి చెప్పులు వేసుకుంటాను. నలభై మంది నా వెనక బయలుదేరతారు. మొన్న హెడ్మాస్టరు గారు గేటు దగ్గర ఆపి, ఇది పాఠమా షికారా అని అడిగారు.

"మొక్క దగ్గరికి చేరితే గాని తెలీదండీ" అన్నాను.