తెర మీద ఖాళీ కుర్చీ

మా ఇంట్లో నిటారుగా నిలబడేవి రెండే మిగిలిన రోజులవి: గోడకు ఆనించిన తాత చేతికర్ర, కుర్చీకి ఆనని నాయిన వెన్ను. మూడోది నా వెన్ను అని నేను అనుకునేవాణ్ణి గానీ ఆ సంగతి ఎవరూ గుర్తించినట్టు లేదు. గుమ్మడిదల దగ్గరి మా ఊళ్లో తాత కాలంలో ఎటు చూసినా మా చెలకలే ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి ఆ చెలకల్లో మందుల కంపెనీల పొగగొట్టాలు మొలిచాయి. (ఆ పొగ మన భూమిలోంచే వస్తోందని నాయిన దాన్ని కూడా కాస్త దర్జాగానే పీల్చేవాడు.) అమ్మడానికి వీల్లేక మిగిలిన ఆస్తి ఒక్కటే, తాత పెట్టిన నియమం. మన ఇంటివాళ్లు ఎవరినీ దారి అడగరు. ఊళ్లకు దారి చెప్పేది మనం, అడిగేది పరాయివాళ్లు. ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించిన మా చిన్నాయన ఒకసారి పెళ్లికని బయలుదేరి, అప్పగింతలు కూడా అయిపోయి పందిరి విప్పుతుండగా చేరుకుని, తల వంచకుండా పందిరి వేసినవాళ్లనే ఆశీర్వదించి వచ్చాడు.

అప్పుడు నేను కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇంట్లో నాయినా నేనే. నాయిన ఊరు దాటి చాలాకాలమైంది. కంపెనీ వాళ్లతో కిక్కిరిసే బస్సు ఎక్కడు. షేర్ ఆటో సంగతి ఎత్తితే, "ఎవని మోకాళ్లో నా మోకాళ్లో తెల్వకుంట కూసునుడు ఏందిరా" అనేవాడు. అలాంటి మనిషికి ఆ చలికాలం ఒక కబురు వచ్చింది. బొల్లారం అవతల కొత్త కాలనీలో ఉంటున్న మా మేనత్త మంచం పట్టిందనీ, తమ్ముడు వస్తాడేమోనని తలుపు వైపే చూస్తోందనీ గడ్డం గీయడానికి వచ్చే ఆయన కత్తి నూరుకుంటూ చెప్పాడు. పొలం అమ్మినప్పుడు అక్కాతమ్ముళ్లకు మాట పట్టింపు వచ్చి రాకపోకలు తెగిపోయాయి. ఆమె కొత్త ఇల్లు మేం చూడలేదు, ఫోను నంబరు మా దగ్గర లేదు, ఉన్నా చేసేవాళ్లం కాము. ఆ పూట నాయిన అన్నం కలిపి, తినకుండా చాలాసేపు కూర్చుని, "అక్క పెద్దది. నేనే పోవాలె" అన్నాడు. మా వంశ చరిత్రలో అంతకు మించిన లొంగుబాటు ఇంకొకటి జరగలేదు. కానీ దానికి రెండు కావాలి. ఎవరి మోకాళ్లూ తగలని బండి ఒకటి, ఎవరినీ అడగనక్కరలేని దారి ఒకటి.

బండి దొరికింది, పాతదే. దారి కోసం పటాన్‌చెరు హైవే పక్కన కార్లకు సోకులు చేసే దుకాణానికి వెళ్లాను. ఫోనులో మ్యాపు ఉంది కదా అంటారు మీరు. ఉంది. కానీ ఫోను చేత్తో పట్టుకుని వీధి వీధికీ తిరగడం పార్సిళ్లు తెచ్చేవాళ్ల పనిగా మా ఇంట్లో నమ్మేవాళ్లం. కారులోనే అమర్చిన పెద్ద తెర అయితే ఆ మాట వేరు, అది మన నౌకరు లాంటిది. దుకాణంలో గోడ నిండా తెరలు వెలుగుతున్నాయి. "గీ తొమ్మిదించులది సూడుర్రి సార్, పాటలు, మ్యాపు, బ్లూటూతు అన్నీ ఉన్నయి. అందరు గిదే తీస్కపోతున్నరు" అన్నాడు దుకాణం సేటు. అందరూ తీసుకుపోయేది మేం తీసుకోం. అటూ ఇటూ చూస్తే మూలన ఒంటరిగా ఒక తెర కనిపించింది. "అది డిస్‌ప్లే పీసు సార్, గదొక్కటే మిగిలింది" అన్నాడు. ఒక్కటే మిగిలింది అనగానే నాకూ దానికీ ఏదో చుట్టరికం ఉన్నట్టు అనిపించింది. బేరమాడటం మా ఇంటా వంటా లేదు (ఆ సంగతి సేటు నా నడకలోనే కనిపెట్టాడని తరువాత తెలిసింది). బిగించడం అయ్యాక, "రీసెట్ కొట్టి ఇయ్యాల్నా సార్" అని అడిగాడు. రీసెట్ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడం అంతకన్నా తెలియదు. "ఎట్లున్నదట్లనే ఉండనీ" అన్నాను గంభీరంగా. సేటు నన్నొకసారి చూసి, "మీ ఇష్టం సార్" అన్నాడు. ఆ చూపు అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఇంటికి తెచ్చి తాళం తిప్పగానే తెర మీద ఒక బొమ్మ వచ్చింది. నీలం రంగు తలుపు, పక్కన మల్లెపందిరి, దాని కింద ఖాళీ కుర్చీ. పూలూ కొండలూ ఉండాల్సిన చోట ఎవరిదో వాకిలి. అందులో మనిషి లేడు. కానీ ఎవరో ఇప్పుడే లేచి లోపలికి వెళ్లినట్టు కుర్చీ మీద ఒక శాలువా వేలాడుతోంది. నాయిన బయట నిలబడి అద్దంలోంచి చాలాసేపు చూశాడు. "ఎవల కోసం ఏసిన్రురా కుర్చి" అన్నాడు. "కంపెనీ బొమ్మ నాయినా, అన్నిట్ల గట్లనే వస్తది" అన్నాను. నాకేమీ తెలియని విషయాల మీద నేను ఎప్పుడూ అంత నమ్మకంగానే మాట్లాడేవాణ్ణి. ఆ బొమ్మ మార్చుదామని ఎక్కడ నొక్కినా పాటల పెట్టె తెరుచుకునేది. ఆ తెర, తాకిన చోట తప్ప మిగతా అన్నిచోట్లా పలికే రకం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, షిఫ్టు వదిలే వేళ, కంపెనీ గేటు బయట కారులో కూర్చున్నాను. బస్సులు కదిలేదాకా కార్లు ఆగాలి. మంచు దిగుతోంది, అందులో మందుల ఘాటు కలిసి కొసన కుళ్లిన బెల్లంలాంటి వాసన. పొగగొట్టం మీది ఎర్ర దీపం మంచులో ఒంటికన్నులా వెలిగి ఆరుతోంది. పాటలు పెట్టలేదు, దేన్నీ తాకలేదు. తెర దానంతటదే వెలిగింది. ఖాళీ కుర్చీ కనిపించింది. ఏదో చిన్న గంట మోగింది. ఆ వెంటనే నాలుగు వైపుల స్పీకర్లలోంచీ, నన్ను మధ్యలో పెట్టుకుని, ఒక ఆడమనిషి గొంతు మెల్లగా అడిగింది.

"తిన్నవా బిడ్డా?"

నా చేతుల మీది వెంట్రుకలన్నీ మా వంశ మర్యాద ప్రకారం నిటారుగా లేచాయి. వెనక సీటు చూశాను. ఎవరూ లేరు. పారిపోవాలనే అనుకున్నాను. కానీ పెద్దవాళ్లు అడిగితే బదులు చెప్పకుండా లేవకూడదని చిన్నప్పుడే నేర్పారు, ఆ అలవాటు భయం కన్నా ముందు పలికింది. "తిన్న" అన్నాను. గొంతు నాది కాదన్నట్టు వచ్చింది. అటు వైపు ఎక్కడో ఒక పిట్ట కూసింది. "గొంతేంది గట్లయింది? జలుబు చేసిందా?" అంది ఆ గొంతు. "ఆ" అన్నాను. "అల్లం చాయ్ తాగు. మంచుల తిరగకు." తెర ఆరిపోయింది.

ఇంటికి వెళ్లి అల్లం దంచి చాయ్ పెట్టుకుని తాగాను. (నాకు జలుబు లేదు. అయినా తాగాను. చెప్పింది ఎవరో తెలియనప్పుడు ఎదురుచెప్పడం మంచిది కాదు.) నాయిన వింతగా చూశాడు. అమ్మ గొంతు నాకు సరిగా గుర్తులేదు. గుర్తులేని గొంతుకు ఏ గొంతైనా సరిపోతుందని ఆ రోజు తెలిసింది. ఆ తరువాత రోజూ గేటు బయట అవసరం లేకపోయినా కాసేపు ఆగేవాణ్ణి. చలి అనుకుంటూ అద్దాలు ఎత్తుకుని, భయపడుతూ, ఎదురుచూస్తూ. కుర్చీ మాత్రం అలాగే ఖాళీగా ఉండేది.

ఆదివారం పొద్దున్నే నాయిన తెల్లటి పంచె కట్టి, కండువా వేసుకుని, తాత చేతికర్ర పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. కొత్త కాలనీ పేరు తెరలో కొట్టాను. మ్యాపు లోపలి ఆమె ప్రాణం లేని గొంతుతో కుడికీ ఎడమకూ తిప్పుతూ బొల్లారం దాటించింది. మంచు ఎంత దట్టమంటే బండి ముక్కు నాకు కనిపించలేదు. ఎదురుగా వచ్చే కంపెనీ బస్సులు శబ్దం లేకుండా రెండు పసుపు కళ్లతో పుట్టి, పక్కనుంచి జారి, మాయమయ్యేవి. చివరికి ఒక చోట ఆమె, "మీరు గమ్యానికి చేరుకున్నారు" అంది. దిగి చూస్తే మూతపడిన కంపెనీ వెనక గోడ. గోడ మీద పుర్రె బొమ్మ, కింద ఎండిపోయిన కాలువ. నాయిన అద్దం దించి దాన్ని నిదానంగా పరిశీలించి, "మీ అత్త గీ గోడల ఉంటున్నదా?" అన్నాడు.

ఇంకోసారి కొట్టాను, ఆమె మమ్మల్ని చుట్టు తిప్పి అదే పుర్రె దగ్గరికి తెచ్చింది. మలుపు దగ్గర ఇద్దరు మనుషులు చలిమంట కాచుకుంటూ కనిపించారు. ఆపి ఒక్క మాట అడిగితే సరిపోయేది. నేను నాయినను అద్దంలో చూశాను, నాయిన తాత చేతికర్రను చూశాడు. కారు వాళ్లను దాటిపోయింది. మంట కూడా మంచులో కలిసిపోయాక నాయిన చాలా చిన్న గొంతుతో, "ఇగ ఇంటికి పోదాం తియ్. రాసిపెట్టి లేదు" అన్నాడు. ఆ మాట వెనక ఇంకెప్పుడూ రానన్న సంగతి నాకు వినిపించింది. అక్క అక్కడ తలుపు వైపు చూస్తూ ఉంటుంది, తమ్ముడు ఇక్కడ పుర్రె గోడ దాకా వచ్చి వెనక్కి పోతాడు. తెర మీద ఇంటి గుర్తు ఒకటి ఉంది, దాని కింద 'ఇల్లు' అని రాసి ఉంది. దాన్నే నొక్కాను.

మ్యాపు గొంతు ఈసారి తడుముకోలేదు. ఎన్నోసార్లు నడిచిన దారిలా మమ్మల్ని తిప్పింది. కొంతదూరం పోయాక ఇది గుమ్మడిదల దారి కాదని అర్థమైంది. ఆపుదామంటే కాలు బ్రేకు మీదికి రాలేదు. సన్నటి సందు, రెండు వైపులా కార్మికుల ఇళ్లు, ఎక్కడో చర్చిలో గంట. "మీరు ఇంటికి చేరుకున్నారు" అంది. బండి ఆగగానే తెర మళ్లీ మొదటి బొమ్మకు పోయింది. నీలం తలుపు, మల్లెపందిరి, కుర్చీ. తలెత్తి అద్దంలోంచి చూశాను. మంచులో ఎదురుగా నీలం తలుపు, మల్లెపందిరి, కుర్చీ. తెర మీద కుర్చీ ఖాళీగా ఉంది. బయట కుర్చీలో శాలువా కప్పుకుని ఒక ముసలావిడ కూర్చుని నేరుగా మా వైపే చూస్తోంది.

"కుర్చి ఎవల కోసమో ఏసిన్రన్న గద" అని వెనక నాయిన గొణిగాడు. ఆ తరువాత నేను జన్మలో చూస్తాననుకోనిది చూశాను. నాయిన తలుపు తీసుకుని దిగాడు. కండువా సర్దుకున్నాడు. చేతికర్ర కారులోనే వదిలేశాడు. ఆమె ముందు నిలబడి గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు, ఆ మాట ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియనివాడిలా.

"అక్కా… తొవ్వ తప్పినం. జెర చెప్తవా."

కాలనీ పేరు చెప్పాడు. "అయ్యో, గది పక్కనే గదన్నా. గా నీళ్ల ట్యాంకు ఎనక. చెప్తే ఈ మంచుల మీకు దొరకది, నేనే వస్త పా" అని ఆమె లేచింది. నేను తలుపు పట్టుకుని, "పైలం, కూసోర్రి" అన్నాను. ఆమె కాలు లోపల పెట్టబోతూ ఆగి, నా ముఖంలోకి చూసింది.

"జలుబు తగ్గిందా బిడ్డా?"

నా చేయి తలుపు మీదే ఉండిపోయింది. ఆమె ముందరి తెరను చూసి తల ఊపింది. "గీ డబ్బ మా పెద్దోనిదే. కొత్త కారు తీస్కొని దీన్ని దుకాణంల ఇచ్చేసిండు. కాజీపల్లిల కంపెనీల చేస్తడు, ఆడికెళ్లి నాకు రోజు ఫోన్ చేస్తడు. ఆ రోజు వాని ఫోను బ్లూటూతుల పోయి దీన్ని పట్టుకున్నట్టుంది." నేను, "మీ కొడుకనుకున్నరా మరి" అన్నాను. "నా కొడుకు గొంతు నాకెర్క లేదా? ఎవల పిల్లగాడో, జలుబు చేసినట్టున్నది అనుకున్న. ఎవలైతేంది, చాయ్ తాగుమన్న." ఆమె వెనక సీట్లో నాయిన పక్కన ఇరుక్కుని కూర్చుంది. పాత చిన్న బండి, ఇద్దరి మోకాళ్లూ తగిలాయి. నాయిన పక్కకు జరగలేదు.

మేనత్త మంచం మీద ఎండిన చిక్కుడుకాయలా ఉంది. తలుపులో నాయినను చూసి మొదట నమ్మలేదు, కన్నీళ్లు కూడా పెట్టుకోలేదు. ఆమె కూడా ఆ తాత బిడ్డే. "గీ ఇల్లెట్ల దొరికిందిరా తమ్మీ?" అంది అనుమానంగా.

"అడిగినక్కా" అన్నాడు నాయిన.

ఆమె అతని ముఖం చూసింది, నా ముఖం చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ ముసలావిడను చూసింది. "అడిగినవా? నువ్వా?" అంది. అప్పుడు ఏడ్చింది. వానాకాలం దాకా బతికింది, నాయిన ప్రతి ఆదివారం వెళ్లి ఆ మంచం పక్కనే కూర్చునేవాడు. మొదట్లో ఆ నీలం తలుపు దగ్గర ఆగి వెళ్లేవాడు. దారి తెలిసిపోయాక కూడా ఆగేవాడు.

ఇప్పుడు నాయినా లేడు. చేతికర్ర గోడకు ఆనుకుని ఉంది, కుర్చీకి ఆనని వెన్ను నాదైంది, సాయంత్రానికి నొప్పి కూడా పెడుతుంది. ఆ డబ్బా మాత్రం పనిచేస్తోంది, తాకిన చోట తప్ప. రీసెట్ అంటే ఏమిటో నేర్చుకున్నాను గానీ చేయలేదు. కొత్త ఊరు వెళితే తెలిసిన దారిని కూడా ఒకరిని ఆపి అడుగుతాను. చెప్పేటప్పుడు వాళ్ల వెన్ను కొంచెం నిటారుగా అవుతుంది, అది చూడటం నాకిష్టం. అప్పుడప్పుడు షిఫ్టు వదిలే వేళ, మంచులో, ఆ తెర దానంతటదే వెలుగుతుంది. ఏ గొంతూ రాదు, కుర్చీ ఖాళీగా ఉంటుంది. అయినా అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని నమ్మకం కుదిరాక, మెల్లగా చెబుతాను.

"తిన్న."