కౌల్ బజార్‌లో కొన్న పెద్ద మోటరు

మా అత్తగారింటి అరుగు మీద నిలబడితే నా పుట్టినూరు కనిపించేది. మధ్యలో ఉన్నవి డ్యాము నీళ్ళు. తుంగభద్రకు ఆనకట్ట వేయక ముందు ఆ రెండు ఊళ్ళకూ బండిబాట ఉండేదట. నీళ్ళు నిండాక బాట అడుగున పడిపోయింది. కళ్ళెదుట ఉన్న ఊరికి పోవాలంటే హొసపేట చుట్టూ తిరిగి, రెండు బస్సులు మారి, ఒళ్ళంతా దుమ్ము చేసుకుని పొద్దుగూకే వేళకు చేరాలి. పెళ్ళయిన కొత్తలో నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నట్టు కూర్చుని ఆ ఒడ్డు చూసేదాన్ని. చూస్తున్నానని అత్తకు తెలుసు. తెలిసినట్టు ఆమె ఎప్పుడూ అనలేదు.

అరవైల చివర నాకు తొలి కడుపు. తొలికాన్పు పుట్టింట్లోనే కావాలి. అది మా కులాల్లో ఆడపిల్లకూ ఆమె తల్లికీ ఉన్న ఒకే ఒక హక్కు అనుకోండి. నేను మా అమ్మకు ఒక్కతే కూతుర్ని. బళ్ళారిలో లేడీ డాక్టరు నన్ను చూసి, కడుపు కిందికి ఉంది, గుంతల దారిలో బస్సెక్కొద్దు, బండెక్కొద్దు అని గట్టిగా చెప్పింది. హొసపేట దాకా రోడ్డు పర్వాలేదు, అవతలే అన్నీ గుంతలు. ఇక మిగిలింది నీళ్ళదారే. నీళ్ళ మీద అయితే రోజూ పుట్టి తిరిగేది. వెదురుతో అల్లి, తోలు కప్పిన గుండ్రటి బుట్ట అది. కట్టెలూ చేపలూ మేకలూ అందులోనే దాటేవి. నాకు పుట్టి అయినా చాలు, అమ్మ దగ్గరికి పోతే చాలు. మా ఆయన వింటేనా? మా ఇంటి కోడలు చేపల గంపల మధ్య కూర్చుని పోతుందా అని ఒంటికాలి మీద లేచాడు.

ఆయన రోషానికి కారణం లేకపోలేదు. మాకూ ఒక పడవ ఉండేది. డ్యాము ఇంజనీర్లు వాడి వాడి వేలం వేస్తే మా ఆయన పాడుకొచ్చాడు. ఫైబర్ గ్లాసు పడవ. ఏ దేశం నుంచి వచ్చిందో, అప్పట్లో ఆ నీళ్ళ మీద అలాంటిది ఇంకొకటి లేదు. ఎండకు పెళుసెక్కి, రంగు వెలిసి, అక్కడక్కడా అతుకులు పడ్డా, చుట్టుపక్కల ఊళ్ళలో మమ్మల్ని పడవోళ్ళనే పిలిచేవారు. దాని వెనక తగిలించే చిన్న మోటరు ఆ ఏడు ప్రాణం వదిలింది. హొసపేట మేస్త్రీ విప్పి చూసి, ఇక దీని మీద ఆశ వదులుకోమన్నాడు. కొత్తది కొనాలి, నా నెలలు నిండకముందే కొనాలి. అమ్మ అప్పటికే పుట్టివాళ్ళ చేత రెండుసార్లు కబురు పెట్టింది, మీ అన్నను పంపనా అని. ఎవరూ రానక్కర్లేదు, మోటరు పడవలో నేనే తీసుకొస్తానని మా ఆయన తిరుగు కబురు పంపాడు. అది ఆ ఊరంతా తెలిసిపోయింది.

మా వైపు అప్పట్లో మనిషి గౌరవాన్ని బావి మీది ఇంజనుతో కొలిచేవారు. ఎవరింటి సంబంధం మాట వచ్చినా, ఎన్ని ఎకరాలు అన్న తర్వాత ప్రశ్న, ఇంజను ఎన్ని హార్సుపవర్ అనే. మాది ఐదు. మా పెదమామగారిదీ ఐదే, దాని మీద ఆయన ఎనిమిదికి పోతే మా ఇంట్లో వారం రోజులు అన్నం సరిగా దిగలేదు. పడవకు ఎంత కావాలో బావికి కావలసినదాన్ని బట్టి లెక్క కట్టకూడదని మాలో ఎవరికీ తోచలేదు. నీళ్ళు తోడేదీ ఇంజనే, నీళ్ళ మీద పోయేదీ ఇంజనే, ఇంటి పరువు రెండింటికీ ఒకటే.

డాక్టరుకు చూపించుకున్న రోజే మా ఆయన నన్ను అక్కడే బళ్ళారిలో కౌల్ బజార్‌కు తీసుకెళ్ళాడు. పంపుసెట్లూ ఆయిలింజన్లూ అమ్మే అంగడి అది. లోపల సేఠు, ఎదుట, డ్యాము కాలవ కింద వరి పెట్టడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతులు ఇద్దరు. నాకు గడప పక్కన స్టూలు వేశారు. పడవ మోటర్లు రెండే ఉన్నాయి. ఒకటి చిన్నది, మా పాతదానంతే. చూడటానికి కాఫీ గింజలు విసిరే మరలాగా ఉంది. రెండోది దానికి మూడింతలు. నల్లటి మూత, అడుగున నీళ్ళు తోసే మెరిసే ఫ్యాను, ఎత్తి చూపించడానికి ఇద్దరు హమాలీలు పట్టారు. మా ఆయన చిన్నదాని వైపు చూడనే లేదు.

సేఠు మాత్రం మంచివాడు. అమ్మేసి చేతులు దులుపుకోలేదు.

“పడవ కొత్తదా పాతదా అప్పా? మోటరు బిగించే వెనక పలక గట్టిగుండాదా?”

“ఫారిన్ పడవ” అన్నాడు మా ఆయన. అది అబద్ధం కాదు, అడిగినదానికి జవాబూ కాదు. వేలంలో కొన్న పాత పడవ అని కోస్తావాళ్ళ ముందు ఆయన నోరు పెగల్లేదు.

వెనక పలక సంగతి నాకు తెలుసు. ముందటి ఏడు పొలానికి దాటేటప్పుడు నేనెప్పుడూ దాని పక్కనే కూర్చునేదాన్ని. పైన ఫైబర్ పొర, లోపల చెక్క. పాత మోటరు మరలు బిగించి బిగించి పొర చిట్లిన చోట బొటనవేలు పెడితే, నానిన అటుకుల్లా లోపలికి దిగి గోధుమరంగు నీళ్ళు ఊరేవి. ఆయనకు కూడా చూపించాను. ఎండకు ఆరిపోతుందిలే అన్నాడు. అంగట్లో ఆడది నోరు విప్పకూడదని నాకూ తెలుసు. కానీ ఎక్కబోయేది నేను, నా కడుపులో బిడ్డ. నా వల్ల కాలేదు.

“పడవ పాతదప్పా. పలక మెత్తబడి ఉండాది. ఏలు పెడితే నీళ్ళు కారతాండాయి.”

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కోస్తా రైతుల్లో పెద్దాయన ఎగతాళి చేసినా బాగుండేది. పాపం, మంచి మాటే చెప్పాడు.

“అమ్మాయిగారు సబబుగానే చెప్పారండీ. మీకు చిన్నది సరిపోతుంది.”

మీకు చిన్నది సరిపోతుంది. ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయనకెలా ఉండి ఉంటుందో మీరే అనుకోండి. పెద్దదే కట్టించమన్నాడు. సేఠు నా వైపు ఒకసారి చూసి గోనెపట్టా తెమ్మన్నాడు. హొసపేట రైలెక్కాం. నోరు జారినందుకు సిగ్గు, జారిన నోటితో ఇంకో మాట అనలేకపోయినందుకు అంతకంటే సిగ్గు. మూట మీద చెయ్యి వేసి కూర్చున్న ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది, మరుక్షణం జాలేసేది.

పలకకు ఇనుప రేకు ఒకటి వేసి బిగించారు. ఒడ్డు దగ్గర నెమ్మదిగా నడిపి చూస్తే బాగానే నడిచింది. వెనక భాగం నీళ్ళలోకి కాస్త కూర్చున్నట్టు ఉంది అంతే. మంచి రోజు చూసి నన్ను సాగనంపారు. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, ఒడిలో బియ్యమూ కొబ్బరీ, కూర్చోవడానికి కొత్త పీట, ఇత్తడి పళ్ళెంలో పసుపు కుంకుమలు. ఊళ్ళో సగం మంది ఒడ్డున ఉన్నారు. బయల్దేరేముందు మా ఆయన వంగి, పడవలో ఉన్న తెడ్లు రెండూ తీసి ఒడ్డుకు విసిరేశాడు. ఇంత మోటరు పెట్టుకుని తెడ్లు తీసుకెళ్తే నవ్వరా అన్నాడు. ఎవరో సెబాసన్నారు.

నీళ్ళ నడిమికి వచ్చాం. అవతలి ఒడ్డున డోలు మొదలైంది. మా అన్న పెట్టించి ఉంటాడు. అది విని మా ఆయన మోటరు వేగం పూర్తిగా పెంచాడు. పడవ ముందు భాగం పైకి లేచింది. వెనక నుంచి తడిగుడ్డ చించినట్టు చప్పుడైంది, అంతే. తిరిగి చూసేసరికి మోటరు లేదు, దాన్ని పట్టుకున్న పలక ముక్కా లేదు. నీళ్ళ మీద నూనె రంగులు తేలుతున్నాయి. పలక ఊడిన సందులోంచి నీళ్ళు లోపలికొస్తుంటే నేను పాక్కుంటూ పడవ ముందు కొనకు పోయి కూర్చున్నాను. నా బరువుకు వెనక భాగం కాస్త లేచి, నీళ్ళు రావడం తగ్గింది. నిండు కడుపు ఆ రోజు అలా పనికొచ్చింది.

డోలు ఆగిపోయింది. మా ఆయన తల వంచుకుని, “చూస్తాండారా?” అని అడిగాడు. రెండు వైపులా చూస్తున్నారని చెప్పాను. అబద్ధం చెప్పాల్సింది.

తర్వాత ఆయన పీట తీసుకున్నాడు, నేను పసుపు కుంకుమలు నీళ్ళలో వదిలి పళ్ళెం తీసుకున్నాను. వద్దన్నాడు, విన్లేదు. ఆయన పీటతో, నేను ఇత్తడి పళ్ళెంతో, నడిమధ్యాహ్నం ఎండలో నీళ్ళు తోస్తూ మా అమ్మ ఊరికి పోయాం. పట్టుచీర మోకాళ్ళ దాకా తడిసింది. గాజులు చిట్లి మణికట్టు గీరుకుపోయింది. పుట్టిలో మేకలతో పోతున్నవాళ్ళు మమ్మల్ని దాటుతూ, తాడు వెయ్యమంటారా అని అడిగారు. మా ఆయన తల ఎత్తలేదు. వద్దని నేనే చెయ్యి ఊపాను. ఎందుకు ఊపానో, వాళ్ళ సాయం నాకప్పుడెంత కావలసి ఉందో నాకే తెలుసు.

ఒడ్డున అమ్మ నీళ్ళలోకి దిగి నన్ను పొదివి పట్టుకుంది. మోటరు శబ్దం ఆగిపోతే నా ప్రాణం పోయిందప్పా, ఏమైంది అని అల్లుణ్ణి అడిగింది. అన్నా, వదినా, ఊరి జనమూ చుట్టూ ఉన్నారు. మా ఆయన పీట చేతిలో పట్టుకునే నిలబడి చెప్పాడు.

“మోటరు నీళ్ళలో పోయినాదత్తా. పలక మెత్తబడిందని ఈమె అంగట్లోనే చెప్పె. నేనే ఇనలేదు.”

నెలరోజులుగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. రాత్రీ పగలూ మనసులో ఆయన చేత అనిపించుకున్నాను. తీరా మా వాళ్ళందరి ముందు, నీళ్ళోడుతున్న పంచెతో, వంచిన తలతో ఆయన అంటుంటే వినలేకపోయాను. నా సొంత వాళ్ళ ముందు నా మొగుడు అట్లా నిలబడితే, ఆ సిగ్గు నాదైపోయింది.

“యాడ చెప్పినా? పెద్దదే కావాలని పట్టు పట్టింది నేనే” అన్నాను.

అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మ నన్ను తిట్టింది, వదిన బుగ్గలు పొడిచింది. ఆయన నా వైపు చూశాడు. చేతిలోని పీట కింద పెట్టాడు. బిడ్డ ఆ తర్వాత మూడో వారంలో పుట్టింది, ఆడపిల్ల, సుఖంగానే. తర్వాత చిన్న మోటరు కొన్నాం, కొత్త పలక వేయించాం. అవన్నీ ఎవరికీ గుర్తు లేవు. గుర్తున్నదల్లా పెద్ద మోటరు కావాలని మారాం చేసిన కోడలు. ఏ శుభకార్యంలో కలిసినా మా అన్న, ఈసారి ఎన్ని హార్సుపవర్ కావాలమ్మా అనేవాడు. మా ఆయన మొదట్లో తల దించుకునేవాడు. కొన్నేళ్ళకు చిన్నగా నవ్వేవాడు. ఆ తర్వాత వాళ్ళకంటే ముందు ఆ కథ ఆయనే ఎత్తుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మండి ఏం లాభం? నేను ఇచ్చిందే కదా, ఏ మొహం పెట్టుకుని వెనక్కి అడగను?

ఆయన పోయే ముందటి ఏడు, మనవళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని మళ్ళీ ఆ కథ చెప్పాడు. మీ అవ్వ పెద్దదే కావాలనె అని చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు. నుదురు చిట్లించి నా వైపు తిరిగాడు.

“పలక మెత్తబడి ఉండాదని ఆ పొద్దు అంగట్లో ఎవురో చెప్పిరి కదా. ఎవురే అది?”

పిల్లలందరూ నా మొహమే చూస్తున్నారు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

“ఎవరో ఆడమనిషి” అన్నాను.