గడప లేని గుమ్మం

పాఠాలు చెప్పే నోరు ఇంట్లోనూ ఊరుకోదు. నా సంగతే చూడండి. ఇక్కడ భిలాయిలోనే ఒక కాలేజీలో డిజైన్ చరిత్ర చెబుతాను. యంత్రాలు వచ్చాక కుర్చీ కాళ్ల మీది లతలూ పూలూ ఎలా మాయమయ్యాయో, పనికిరాని సింగారం దండగని కొందరు ఎంత పట్టుబట్టారో ఏటేటా చెప్పి చెప్పి చివరికి నేనే నమ్మేశాను.

మామగారు ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనిచేసినన్నాళ్లూ మా అత్తయ్య కాపురం కంపెనీవాళ్లిచ్చిన సెక్టారు క్వార్టర్లోనే. ఆ గుమ్మాలకు మూడు వైపులే చెక్క, కింద ఉత్త సిమెంటు నేల. విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు గడప లేకుండా శుక్రవారం ఎలా చేసుకుంటారు? అందుకని మన ఆడవాళ్లు గుమ్మం కింద నేల మీదే గడపంత వెడల్పున పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేవారు. లేని గడపకు అలంకారం! క్లాసులో ఇది చెప్పి పిల్లల్ని నవ్వించాను కూడా.

కిందటేడు స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. డిజైనంతా నాదే. హాల్లోనూ వరండాలోనూ ఒకటే బూడిదరంగు రాయి. గడప పెట్టించలేదు, వరండా మాత్రం ఒక మెట్టు కిందికి ఉంటుంది. చూసినవాళ్లంతా అబ్బ అన్నారు. అత్తయ్య మాత్రం, "గడపేదమ్మా?" అంది.

"ఎందుకత్తయ్యా, తట్టుకుని పడ్డానికా?" అన్నాను. ఎంత తెలివో నాకు!

ఆవిడ మానలేదు. శుక్రవారం పొద్దున్నే మెట్టు అంచున పసుపు రాసేది. ఆవిడ పూజలో కూర్చోగానే నేను తుడిచేసేదాన్ని. రాయి మరక పడుతుందని నా గోల.

"తుడిసీసినావేటి?" అని అడిగింది ఒకసారి.

"దాంతో పనేముంది అత్తయ్యా?"

"పనేటుంటాది? లచ్చిందేవి కోసం," అని నసిగి, తర్వాత రాయడమే మానేసింది.

ఆవిడ కంట్లో శుక్లం ఉందని నాకు తెలుసు. రంగుల తేడాల మీద గంటలకొద్దీ మాట్లాడేదాన్ని, ఆ మసక చూపుకి మెట్టు పైనా కిందా ఒకటే నేలలా కనిపిస్తుందని తోచలేదు. ఒక సాయంత్రం గేటు దగ్గర నుంచి ఎదురింటి దీదీ పిలిస్తే గబగబా వెళ్లి, మెట్టు తెలియక పడిపోయింది. తుంటి విరిగింది.

ఆపరేషనయ్యాక ఆస్పత్రి మంచం మీద ఏదో నవ్వులాటలా అంది: "పసుపు పచ్చగా కనబడితే కాలు దానికదే ఆగిపోయీది. ఆయేళ తిన్నగా ఎలిపోనాను."

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఆవిడ ఒకటే మాట. "గలతీ నాదే. తొందరపడ్డాను. మా కోడలు ఇల్లెంత సక్కగా కట్టిందో సూడండి." నేను టీ కప్పులు అందిస్తూ తల ఊపేదాన్ని. సిగ్గు లేని తల! మా ఆయనకు ఇప్పటికీ పసుపు సంగతి తెలియదు. చెప్పడానికి నోరు రాలేదు.

మొన్న మెట్టు అంచు పొడవునా పసుపు పెయింటు నేనే వేశాను. ఆరాక చూపిద్దామని ఆవిడని వాకర్‌తో గుమ్మం దాకా నడిపించాను. చూస్తూ నిలబడిపోయింది. దిగమన్నాను. వాకర్ ముందుకు జరపలేదు. వేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది.

"నేను పట్టుకుంటాను కదత్తయ్యా, రా."

"వద్దమ్మా. నాను లోపలే ఉంటాన్లే. నాకోసం నేల పాడు సేసుకున్నావు."

ఇక ఆపుకోలేకపోయాను. "తప్పు నాదే అత్తయ్యా. ఆ పసుపు నేను తుడవకపోతే నువ్వు పడేదానివే కాదు," అని ఏడ్చేశాను.

ఆవిడ కంగారుగా వెనక్కి, మా ఆయనున్న గదివైపు చూసి, నా చెయ్యి నొక్కింది.

"నెమ్మదిగా అనవే," అంది గొంతు తగ్గించి. "ఆడు ఇంటాడు."