అమ్మ కొప్పుకు ఉప్పునీళ్ళు

నేను పనిచేసే పార్లర్‌లో సముద్రపు ఉప్పు స్ప్రే అని ఒక సీసా ఉంటుంది. తడి జుట్టు మీద కొట్టి, వేళ్ళతో నలిపి ఆరనిస్తే పలచటి జుట్టు కూడా గరుకెక్కి ఒత్తుగా కనిపిస్తుంది. పిన్నులు జారవు. కాలేజీ పిల్లలు అడిగి మరీ కొట్టించుకుంటారు. శ్రీకాకుళం తీరంలో పుట్టిన మా అమ్మ ఈ సంగతి విని నవ్వింది. చిన్నప్పుడు తన తలలో ఉప్పు వదలగొట్టడానికి వాళ్ళమ్మ కుంకుడుకాయలన్నీ తగలేసేదట.

మా ఇల్లు బెంగాల్‌లో, ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో. నాన్నకు డాక్‌లో పని. ఆ వీధిలో అమ్మకున్న ఆస్తి తన కొప్పే. బెంగాలీ ఆడవాళ్ళు కూడా ఆగి చూసి పోయేవారు. పోయిన వానాకాలం డెంగీ వచ్చి తగ్గాక జుట్టు గుప్పెళ్ళ కొద్దీ ఊడింది. గుమ్మడికాయంత కొప్పు నిమ్మకాయంత అయింది. సవరం పెడితే పట్టు దొరక్క జారిపోయేది. దాంతో అమ్మ గుమ్మం దాటడం మానేసింది.

తమ్ముడి నిశ్చితార్థం నది అవతల సంత్రాగాఛిలో, పెళ్ళికూతురు వాళ్ళ రైల్వే క్వార్టర్లో పెట్టుకున్నారు. "మీరెళ్ళి రండి, నాను రాను," అంది అమ్మ. తమ్ముడు ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

వెళ్ళాల్సిన రోజు పొద్దున్న సీసా తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"ఏటే అది?"

"ఉప్పునీళ్ళు. తలకి కొడితే సవరం నిలుస్తాది."

అమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఉప్పు తల సుట్టూ తిప్పి పారేస్తారు గాని, నెత్తికెవులైనా ఎక్కించుకుంటారేటి?"

మా ఇంట్లో అందరికీ దిష్టి తీసేది అమ్మే. గుప్పెట్లో రాళ్ళ ఉప్పు పట్టుకుని తల చుట్టూ తిప్పి నీళ్ళలో వేస్తుంది. ఉప్పు కరిగితే దిష్టీ కరిగినట్టే. అలాంటి ఉప్పును తలకు పట్టించడమంటే ఊరందరి కళ్ళూ నెత్తికెత్తుకోవడమే, ఆమె లెక్కలో. నమ్మకంతో వాదించి గెలిచినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. అందుకని వాదించలేదు.

"ఈ జుట్టుకి ఎవరి దిష్టి తగులుతాదని నీ భయం?" అన్నాను.

మాట కటువుగానే వచ్చింది. అమ్మ కాసేపు అద్దం వంక చూసింది. "నిజమే. దీనికెవులు దిష్టెడతారు," అని పీట లాక్కుని కూర్చుంది.

తడిపి, కొట్టి, నలిపి, ఆరబెట్టి సవరం కలిపి ముడి వేశాను. నిలిచింది. బస్సు వంతెన మీదికి ఎక్కాక నది గాలికి అమ్మ కొప్పు మీద చెయ్యి వేసి చూసుకుంది. కదల్లేదు. ఆ తర్వాత చెయ్యి తీసేసి కిటికీలోంచి పడవలు చూస్తూ కూర్చుంది.

సంత్రాగాఛిలో పెళ్ళికూతురి తల్లి తాంబూలం ఇచ్చేటప్పుడు కూడా అమ్మ కొప్పునే చూసింది. తలకు ఏ నూనె రాస్తారని అడిగింది. కొబ్బరినూనె అని అమ్మ ఠక్కున చెప్పింది.

సాయంత్రం ఇంటికొచ్చి నేను చెప్పులు విడుస్తుండగానే అమ్మ వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి నా చేతిలో పోసింది. తూర్పుకి తిరిగి పీట మీద కూర్చుంది.

"నాకు దిష్టి తియ్యే."

అమ్మకి దిష్టి తీయడం నాకు అదే మొదటిసారి. ఉప్పు తల చుట్టూ తిప్పి, నీళ్ళలో వెయ్యబోయాను.

"ఆ పిల్ల తల్లి కళ్ళు మంచివి కావు," అంది అమ్మ. "ఇంకోపాలి తిప్పు."