సారమ్మ చూసిన సూర్యుడు

ఆళ్లగడ్డలో ట్రాక్టరు ట్రాలీలకు వెల్డింగు చేసే ఆడమనిషి సారమ్మ ఒక్కతే. మొగుడు సామ్యేలుకు ఉబ్బసం ముదిరినప్పుడు, 1996లో, అంగడి మూయనీకుండా ఆ పని తాను నేర్చుకుంది.

2001 మార్చి ఆఖర్లో ఒక పొద్దున, వెల్డింగు నల్లద్దాలు రెండు కలిపి పట్టుకుని ఊరికే సూర్యుని వైపు చూసింది. పచ్చటి బిళ్లలా ఉన్న సూర్యుని మీద నల్లటి మచ్చ! అద్దాలు తుడిచి మళ్లీ చూసింది. మచ్చ ఆడనే ఉంది.

ట్రాలీ తెచ్చిన ఆదినారాయణకు చెబితే పకపకా నవ్వినాడు.

"మచ్చ సూర్యునికి కాదమ్మో, నీ కండ్లకు!"

ట్రాలీ తిప్పుకుని, వెల్డింగు చేయించడానికి నంద్యాలకు పోయినాడు. ఆ మాట ఊరంతా పాకింది. బేరాలు సగమైనాయి. సామ్యేలు కూడా దిగులుగా, "కండ్ల డాక్టరు కాడికి పోదామా?" అన్నాడు.

సారమ్మ పోలేదు. ఆరు రోజులు ఒకే వేళకు చూసి, ఒక అట్టముక్క మీద గుండ్రాలు గీసి, తేదీ వేసి, మచ్చ యాడుందో గుర్తు పెట్టింది. అది రోజుకింత పక్కకు జరుగుతాంది.

హైస్కూల్లో సైన్సు చెప్పే సరస్వతమ్మ టీచరు ఆ అట్ట తీసుకుని, ఒక్కో గుండ్రం మీద వేలు పెట్టి తేదీలు చదివింది.

"సెలవులకు మేం కొడైకెనాల్ పోతాండాం. ఆడ నూరేండ్ల నాటి సూర్యుని అబ్జర్వేటరీ ఉంది, రోజూ సూర్యుని ఫోటో తీస్తారు, జనాన్నీ రానిస్తారు. నువ్వూ రా సారమ్మా" అనింది.

కొండ మీద ఆ చీకటి గదిలో, అద్దాల మీదుగా దించిన సూర్యుడు తెల్లటి తెర మీద పళ్లెమంత కనపడినాడు. సారమ్మ మచ్చ అప్పటికి లేదు. టీచరు అట్టను అక్కడి ఆఫీసరుకిచ్చి ఇంగ్లీషులో సంగతి చెప్పింది. ఆయన ఆ తేదీల ఫోటోలు తెచ్చి బల్ల మీద పరిచినాడు. దిక్కులు కలిసేలా అట్టను కొంచెం తిప్పినాడు. ఒకటి, రెండు... ఆరు రోజులూ మచ్చ సరిగ్గా సరిపోయింది. భూమిలాంటివి పది పట్టేంత మచ్చంట! ఆయన లేచి నిలబడి సారమ్మకు నమస్కారం పెట్టినాడు.

సారమ్మ నేరుగా ఎస్టీడీ బూతుకు పోయింది. అంగడి పక్కనున్న బూతుకు ఫోను చేసి సామ్యేలును పిలిపించింది.

"ఏందే, ఏమైంది?" కంగారుగా అడిగినాడు.

"నా కండ్లు బాగుండాయి! ఆరు రోజులూ సరిపోయింది!"

ఆ అరుపు ఆళ్లగడ్డ బూతులో నిలబడినోళ్లందరికీ వినిపించింది.

ఆమె ఊరికి తిరిగొచ్చినాక బేరాలూ తిరిగొచ్చినాయి. జూన్‌లో బడి తెరవగానే సరస్వతమ్మ టీచరు ఆమెను తొమ్మిదో తరగతికి తీసుకుపోయింది. ఐదుతోనే బడి మానిన సారమ్మ, నల్లబల్ల మీద సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీసి, గొంతు సవరించుకుని, "ఇది సూర్యుడు. మీకు తెలియందొకటి చెప్తా, వినండి" అనింది.